కోటు వెనక పిన్నీసులు

సంగంలో మా ఇంటి ముందు గదిలో, గడియారం పక్కన ఒక ఫోటో ఉంటుంది. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆమె ఒళ్లో బోడిగుండుతో, బుగ్గన దిష్టిచుక్కతో నేను. పక్కన నిలబడి మా నాయన. ఆయన ఒంటి మీద నల్లకోటు, మెడలో ఎర్ర టై. వెనక తెర మీద ఒక సరస్సు, రెండు హంసలు, మా పెన్నలో ఎన్నడూ కనిపించని తెల్ల పడవ.

నాయన తన జీవితంలో కోటు వేసుకున్నది ఆ ఒక్కసారే. అదీ నాలుగైదు నిమిషాలు. ఆ కోటు ఆయనది కాదు. ఆత్మకూరులో ఫోటో స్టూడియో వాళ్లది.

ముప్పై దాటిన వాళ్లకు ఈ స్టూడియో కోటు గుర్తుండే ఉంటుంది. అద్దం పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. దువ్వెన, పౌడరు డబ్బా, టై, కోటు... అన్నీ ఉచితం. టై ముడి ముందే వేసి ఉంచేవాళ్లు. ఎలాస్టిక్ తలలోంచి తగిలించుకుంటే సరి. సన్నటివాడికి కోటు వదులైతే వెనకనుంచి మడత పెట్టి పిన్నీసులు గుచ్చేవాళ్లు. లావుపాటివాడికి గుండీలు పట్టకపోతే చేతులు కట్టుకుని నిలబడమనేవాళ్లు. కెమెరాకు వీపు కనపడదు కదా! అట్లా ఆ ఒక్క కోటు ఎంతమంది ఫోటోల్లోకి ఎక్కిందో లెక్కలేదు. మా వీధిలోనే నాలుగిళ్ల గోడల మీద ఉంది. ఎడమచేతి గుండీల్లో ఒకటి ఊడిపోయి ఉంటుంది. అదే గుర్తు.

ఇన్నేళ్లూ ఆ ఫోటోను నేను పెద్దగా పట్టించుకోలేదు. నాయన 2016లో పోయాక, దానికి దండ పడ్డాక కూడా. ఆయన్ని తలచుకుంటే నాకు గుర్తొచ్చేది మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె, భుజం మీద తువ్వాలు. ఆ కోటు మనిషి ఎవరో వేరేవాడిలా ఉండేవాడు.

మొన్న వేసవిలో ఒక పెళ్లి నన్ను మళ్లీ ఆ ఫోటో ముందు నిలబెట్టింది.

ఎవడు కనిపెట్టాడ్రా దీన్ని?

మా పెదనాన్న మనవడి రిసెప్షన్. ఆత్మకూరులో కల్యాణ మండపం. రోళ్లు పగిలే ఎండలు. సాయంత్రం ఏడైనా నేల సెగ తగ్గలేదు. వేదిక మీద పెళ్లికొడుకు మాత్రం నిండా సూటులో ఉన్నాడు. కోటు, లోపల వెయిస్ట్ కోటు, దాని లోపల పొడుగు చేతుల చొక్కా, గొంతుకు టై. రెండు కూలర్లు పెట్టినా చెమట కణతల మీదుగా కారుతోంది. మేనమామ పక్కన నిలబడి, ఫోటోకు ఫోటోకు మధ్య చేతిరుమాలుతో అద్దుతున్నాడు. కింద ఫ్యాను దగ్గర పల్చటి పంచెల్లో కూర్చున్న ముసలాళ్లు వాణ్ని జాలిగా చూస్తున్నారు.

"ఎవడు కనిపెట్టాడ్రా ఈ కోటు? మన ఎండలు చూసుంటే వాడే మానుకునేవాడు" అన్నాడు మా పెద్ద తాత.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఉండిపోయింది. నిజమే కదా! మా వైపు కోటు వేసుకునేవాళ్లు ముగ్గురే. కోర్టులో ప్లీడరు, రైల్లో టీసీ, రిసెప్షన్‌లో పెళ్లికొడుకు. మొదటి ఇద్దరికీ అది ఉద్యోగం. మూడోవాడికి ఏ అవసరముందని? అయినా వేసుకోని పెళ్లికొడుకు కనపడడు. ఆఫీసుకు తిరిగొచ్చాక పాత పుస్తకాలు తిరగేశాను. తాత ప్రశ్నకు జవాబు మూడున్నర శతాబ్దాల వెనక దొరికింది.

1666 సెప్టెంబరులో లండన్ నగరం తగలబడింది. ఇళ్లు వేలకొద్దీ కాలిపోయాయి. అంతకు ముందు ఏడాదే ప్లేగు వేలమందిని తీసుకుపోయింది. ఆ కష్టాల్లో, అక్టోబరు 7న, ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ తన సభలో ఒక సంగతి ప్రకటించాడు. ఇకమీదట తాను ఒక కొత్త తరహా దుస్తులు వేసుకుంటాననీ, దాన్ని ఎన్నటికీ మార్చననీ! మోకాళ్ల దాకా వచ్చే పొడవాటి వెస్టు, దాని మీద కోటు, కింద పొట్టి లాగు. లేసులు, రిబ్బన్లతో ఒళ్లంతా నింపుకునే ఫ్రెంచి ఫ్యాషను పక్కన పెట్టి, దొరలకు పొదుపు నేర్పించడమే రాజుగారి ఉద్దేశమని సామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి మర్నాడు తన డైరీలో రాసుకున్నాడు. దొరలు పొదుపు నేర్చుకున్నారో లేదో గానీ, మూడు ముక్కల సూటుకు మొదటి పునాది పడింది మాత్రం అప్పుడేనని చరిత్రకారులు అంటారు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. అదే నెలలో జాన్ ఎవెలిన్ అనే మరో డైరీకర్త ఆ కొత్త దుస్తుల్ని చూసి, ఇది తూర్పుదేశాల తరహా, పర్షియా వాళ్ల పద్ధతి అని రాసుకున్నాడు. మనం తెల్లదొరల సొత్తనుకునే సూటు, పుట్టినప్పుడు లండన్ వాళ్ల కంటికి తూర్పు వేషంలా కనపడిందన్నమాట!

ఉదయగిరి రాజు వేసుకున్న కబాయి

పర్షియా పేరు వినగానే నాకు మా కొండ గుర్తొచ్చింది. ఆత్మకూరు నుంచి పడమర దిక్కుగా వెళితే ఉదయగిరి. చిన్నప్పుడు బడి నుంచి అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్లేవాళ్లు. చెక్క చెంచాలు కొనుక్కోవడం, కోట ఎక్కలేక ఆయాసపడటం, "ఇదిగో, ఈ దుర్గాన్నే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు" అని మాస్టారు చెబుతుంటే పులిహోర పొట్లం విప్పుకోవడం. ఇంతే తెలుసు.

ఆ రాయలవారి దుస్తుల్లో ఒక విశేషం ఉంది. విజయనగర రాజులు సభలో తల మీద కుల్లాయి, ఒంటి మీద కబాయి ధరించేవారు. కుల్లాయి అంటే పొడవాటి టోపీ. కబాయి అంటే కుట్టిన చేతులతో ఉన్న పొడవాటి అంగీ. రెండు మాటలూ అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చినవే. శ్రీనాథుడి చాటువుల్లోనూ కుల్లాయి ప్రస్తావన ఉంది. తిరుమల గుడిలో రాయలవారి విగ్రహాన్ని మీరు చూసే ఉంటారు. దేవేరులిద్దరితో కలిసి చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తల మీద పొడవాటి కుల్లాయి ఉంటుంది గానీ, ఒంటి మీద చొక్కా ఉండదు. దేవుడి ముందు కుట్టని బట్ట. నలుగురు రాజుల మధ్య కూర్చునే సభలో కుట్టిన బట్ట. ఆ రోజుల్లో పెద్ద పెద్ద రాజ్యాలన్నింటా చెల్లే దుస్తులు అవి. కబాయి వేసుకుంటే 'నేను మీతో సమానం' అని నోరు విప్పకుండానే చెప్పినట్టు.

అంటే మా వైపు మనుషులు బయటి నుంచి వచ్చిన అంగీ తొడుక్కుని నలుగురిలో నిలబడటం నిన్న మొన్నటి సంగతి కాదు. అయిదువందల ఏళ్ల కిందటే ఉంది. పెళ్లికొడుకును చూసి నవ్విన నేను ఇక్కడ కాస్త తగ్గాను.

నగలు పోయి కత్తెర వచ్చింది

ఇంతకీ రెండో చార్లెస్ వెస్టు, ఇప్పటి సూటుగా ఎట్లా మారింది? మధ్యలో ఒక విప్లవం, ఒక సోకులరాయుడు, ఒక మిషను ఉన్నాయి.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. అప్పటిదాకా దొరలు మోకాళ్ల దాకా పట్టులాగులు, పట్టు మేజోళ్లు వేసుకునేవారు. కూలినాలి చేసుకునేవాళ్లే చీలమండల దాకా పొడుగు లాగులు తొడిగేవారు. విప్లవం తర్వాత పట్టులాగు ప్రాణానికే ముప్పయింది. కూలివాళ్ల పొడుగు లాగు నెమ్మదిగా అందరిదీ అయింది. మన పంట్లాం తాత అదే.

ఆ సమయంలోనే లండన్‌లో బ్రమ్మెల్ అనే సోకులరాయుడు తయారయ్యాడు. 1778లో పుట్టాడు. దొరల వంశం కాదు. అయినా యువరాజుకే దుస్తుల విషయంలో సలహాలిచ్చే స్థాయికి ఎదిగాడు. ముస్తాబుకు గంటలు పట్టేదట. కానీ ఆ ముస్తాబులో జరీ లేదు, నగ లేదు. ముదురు రంగు కోటు, ఉతికిన తెల్లటి చొక్కా, మెడకు గంజిపెట్టిన గుడ్డ, ఒంటికి అతికినట్టు కత్తిరింపు. అంతే! అప్పటిదాకా మగవాడి హోదా ఒంటి మీద ఎంత బంగారం ఉందన్న దాంట్లో ఉండేది. ఆయన తర్వాత భుజం ఎంత చక్కగా కూర్చుందన్న దాంట్లోకి వచ్చింది. పాపం, చివరికి అప్పులపాలై 1816లో ఫ్రాన్సుకు పారిపోయాడు. 1840లో అక్కడే పేదరికంలో పోయాడు. కోటు మాత్రం నిలబడింది.

ఇప్పుడు మనం సూటు అంటున్నది ఇంకా తర్వాతది. పందొమ్మిదో శతాబ్దం సగంలో దొరలు ఆఫీసుకు, విందులకు మోకాళ్ల దాకా వచ్చే పొడవాటి కోట్లు వేసుకునేవాళ్లు. పల్లెకో, సముద్రతీరానికో వెళ్లినప్పుడు హాయిగా ఉండటానికి పొట్టి కోటు, అదే గుడ్డతో పంట్లాం కుట్టించుకునేవాళ్లు. సెలవురోజు వేసుకునే ఆ జతే నేటి సూటు! సూటు అన్న మాటకు మూలం, ఒకదాని వెంట ఒకటి నడవడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి పదం. కోటు వెంటే పంట్లాం. మన భాషలో చెప్పాలంటే జత. సెలవునాటి బట్టలు వందేళ్లలో పెద్దమనుషుల బట్టలయ్యాయి. ఈ లెక్కన మన లుంగీ కూడా ఎప్పుడో ఒకనాడు కలెక్టరేటుకు వెళుతుందేమో!

1851లో ఐజాక్ సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాడు. దర్జీ వారాల తరబడి చేతితో కుట్టేది రోజుల్లో అయిపోసాగింది. అమెరికాలో అప్పటికే రెడీమేడ్ సూట్లు అమ్మకానికొచ్చాయి. గుమాస్తా, దుకాణదారుడు, బడిపంతులు... అందరూ కోటు తొడిగారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక బ్రిటన్ ప్రభుత్వం సైన్యం నుంచి విడుదలైన మగవాళ్లకు తలా ఒక సూటు ఇచ్చి ఇంటికి పంపింది. యూనిఫాం విప్పిన మనిషికి మళ్లీ మామూలు మనిషిగా నిలబడేందుకు ఇచ్చిన బట్టలవి.

టైలర్ మామ దుకాణంలో

పుస్తకాల్లో ఇంత తెలిసినా కోటు లోపల ఏముంటుందో తెలియలేదు. దానికి మా ఊళ్లోనే మనిషి ఉన్నాడు. సంగం బజారులో నలభై ఏళ్లకు పైగా దుకాణం పెట్టుకుని ఉన్న టైలర్ మామ. నాయనకు స్నేహితుడు. నా మొదటి బడి నిక్కరు ఆయనే కుట్టాడు. ఇప్పుడు డెబ్బై దాటింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. కాజాలు మనవరాలు కుడుతోంది.

నన్ను చూడగానే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "ఏరా అబ్బయా, ఎప్పుడొచ్చినావు?"

"కోటు గురించి రాయాలి మామా. నువ్వు చెప్పాల."

"కోటా? నీ పెండ్లికి వేసుకున్న కోటు చూసినాలే. నెల్లూర్లో రెడీమేడ్ కొన్నావు గదా. భుజం రెండు వేళ్లు జారిపోయి ఉండ్లా? నేనేం మాట్లాడలా. పెండ్లికొడుకును అనకూడదని ఊరుకున్నా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నిజానికి అప్పుడు ఆయన దగ్గర కుట్టించుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఊరి దర్జీకి సూటేం తెలుసు అనుకున్నాను కాబోలు.

మామ ఆ మాట అక్కడితో వదిలేసి ఒక పాత కోటు తీసుకొచ్చి లైనింగ్ విప్పి చూపించాడు. పై గుడ్డకు, లైనింగుకు మధ్య గట్టి కాన్వాసు ఉంటుంది. ఛాతీ దగ్గర ఇంకో పొర. కాలర్ మడత తిరిగే చోట ఆ కాన్వాసును గుడ్డకు చేతి సూదితో వందలకొద్దీ చిన్న చిన్న కుట్లు వేసి పట్టిస్తారు. ఒక్క కుట్టు కూడా పైకి కనపడకూడదు. ఆ కుట్ల వల్లే కాలర్ మెడ మీద పడుకుంటుంది గానీ లేచి నిలబడదు. ఇప్పుడు చౌక కోట్లలో ఆ పని లేదు. జిగురు పూసిన గుడ్డను ఇస్త్రీ వేడితో అంటించేస్తారు. నాలుగు ఉతుకులకు బుడగలు లేస్తుంది.

"చొక్కా ఒంటి మీద వేలాడతాది. పంచె ఎవురికైనా సరిపోతాది. కోటు అట్టా కాదబ్బయా. ఒకడి కోసం కుడితే వాడికే. నీకు కుడిభుజం ఒక పిసరు కిందికుండాది, నీకు తెలుసునా? కోటు కుట్టేవాడికి తెలియాల. కిందికుండే భుజం లోపల ఇంకో పొర పెట్టి, రెండూ సమానంగా కనపడేట్టు చెయ్యాల. అందుకే కచ్చా కుట్టేసి ఒకసారి తొడిగించి చూడాల. ట్రయల్ లేకుండా కోటు ఇచ్చేవాడు టైలరే కాదు."

నేను గుండీల కథ చెప్పాను. సైనికులు చేతి అంచుతో ముక్కు తుడుచుకోకుండా నెపోలియన్ అక్కడ గుండీలు కుట్టించాడని ఒక కథ. ఏడో ఎడ్వర్డు రాజుకు పొట్ట పెరిగి కోటు చివరి గుండీ పెట్టుకోవడం మానేస్తే, లోకమంతా మానేసిందని ఇంకో కథ. రెండింటికీ రుజువులు లేవు. కోటు వెనక చీలిక మాత్రం గుర్రం మీద కూర్చున్నప్పుడు రెండు పక్కలా పడటానికి పెట్టింది. మామ పగలబడి నవ్వాడు. "గుర్రాలు పోయినా చీలిక పోలేదన్న మాట! నేను కుట్టిన కోట్లన్నీ సైకిలెక్కినోళ్లవే."

మామ కోటు పని నేర్చుకుంది నెల్లూరులో. సినిమాలే ఆయనకు డిజైను పుస్తకాలట. 1966లో వచ్చిన 'గూఢచారి 116'లో కృష్ణ కోటు, 1971లో 'ప్రేమ్‌నగర్'లో నాగేశ్వరరావు సూట్లు చూసి, అట్లా కుట్టమని కుర్రాళ్లు వెంటపడేవారని చెప్పాడు. తర్వాత సఫారీ సూట్లు వచ్చాయి. ఎనభైల్లో ఉద్యోగస్తుడంటే సఫారీనే. దాంతో కోటు పెళ్లికొడుక్కి మాత్రం మిగిలింది.

విప్పినాయన, తొడిగినాయన

మాటల్లో మామ ఇంకో సంగతి అన్నాడు. "కోటు వేసేవాళ్లు ముగ్గురంటివే, నాలుగో ఆయన్ని మరిచిపోయినావు. ఎండనక వాననక ఊరూరా సెంటర్లో నీలం కోటు వేసుకుని నిలబడి ఉండ్లా?"

అంబేడ్కర్! నాకు తట్టనే లేదు. మా వైపు ఏ ఊరికి వెళ్లినా ఆ నీలం సూటు కనపడుతుంది. 2023లో హైదరాబాద్‌లో ప్రతిష్ఠించిన 125 అడుగుల విగ్రహానికైనా, 2024లో విజయవాడలో ఆవిష్కరించిన విగ్రహానికైనా ఒంటి మీద సూటే. ఈ దేశంలో కొన్ని కులాలవాళ్లు మంచి బట్ట కట్టుకున్నా, చెప్పులు తొడుక్కున్నా దెబ్బలు తిన్న కాలం ఉంది. మోకాలు దాటి పంచె దిగకూడదన్న కట్టుబాట్లు ఉన్నాయి. అట్లాంటి చోట ఆ పుట్టుక పుట్టిన మనిషి న్యూయార్కులో, లండన్‌లో చదివి, కొలతలిచ్చి కుట్టించుకున్న సూటుతో నలుగురి ముందు నిలబడటం మామూలు విషయం కాదు. ఆ కోటు ఎందుకని ఆయన్ని మా తాత కూడా అడగడు.

అదే సమయంలో మా పెన్న ఒడ్డుకే ఇంకొకాయన వచ్చాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఒకప్పుడు ఆయనా సూటు మనిషే. 1888లో చదువుకు లండన్ వెళ్లిన కొత్తలో బాండ్ స్ట్రీట్‌లో పది పౌన్లు పోసి సూటు కుట్టించుకున్నాననీ, అద్దం ముందు టై కట్టుకోవడానికి రోజూ పది నిమిషాలు పట్టేదనీ తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. పల్లిపాడు వచ్చి వెళ్లిన అయిదారు నెలలకే, 1921 సెప్టెంబరులో, మదురైలో చొక్కా, టోపీ కూడా వదిలి కొల్లాయి గుడ్డకు మారారు. దేశంలో పేదవాడికి అంతకు మించి లేదు గనక.

ఒకాయన విప్పాడు, ఒకాయన తొడిగాడు. చిన్నప్పుడైతే ఎవరిది రైటు అని అడిగేవాణ్ని. ఇప్పుడు అట్లా అనిపించదు. ఉన్నవాడు విప్పితే దానికో అర్థం. తొడగనివ్వని వాడు తొడిగితే దానికో అర్థం. మరి ఉండీ లేని మా నాయన లాంటివాళ్లు స్టూడియోలో నాలుగు నిమిషాలు తొడిగితే? దానికేం అర్థం?

కొట్టెయ్యని పేజీ

ఆ మాట పైకే అన్నాను. మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా లేచి, అరలో పై నుంచి పాత నోటు పుస్తకాల కట్ట దించమన్నాడు. దుమ్ము దులిపి, ఒకటి తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. కొలతల పుస్తకం. ఒక్కో పేజీలో ఒక పేరు, తేదీ, కింద అంకెలు. బట్టలు ఇచ్చేశాక పేజీకి అడ్డంగా గీత కొట్టడం ఆయన అలవాటు. వరసగా అన్నింటికీ గీతలున్నాయి. ఒక్క పేజీకి లేదు.

89 అక్టోబరు. మా నాయన పేరు. పక్కన 'కోటు' అని రాసి ఉంది. పొడవు 28. ఛాతీ 34. నడుము 30. భుజం పదహారున్నర. చెయ్యి ఇరవై మూడున్నర.

"మీ మేనత్త పెండ్లి కుదిరిందప్పుడు. మాఘంలో ముహూర్తం. అవతలోళ్లు నెల్లూరులో ఉద్యోగస్తులు. ఆడపిల్ల అన్నను, వాళ్ల ముందు చవగ్గా కనపడకూడదు మామా అన్నాడు. కొలతలిచ్చి, గుడ్డ నెల్లూర్లో తెస్తానని పోయినాడు. అంతలోకి తుపాను."

1989 నవంబరు తుపాను. రెండో వారంలో కావలి దగ్గర తీరం దాటి జిల్లాను కుదిపేసింది. మా ఇంటికి అది ఏం చేసిందో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. నారుమళ్లు మునిగిపోయాయి. కొట్టం పైకప్పు లేచిపోయింది. మళ్లీ నారు పోయాలి, కప్పు వేయాలి, పెళ్లి ఆగకూడదు. వీటి మధ్యలో ఒక కోటు గుడ్డ కూడా పోయిందన్న సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

"అడగలేదా మామా తర్వాత?"

"ఎట్టా అడుగుతా? అడిగితే లేదని చెప్పాల గదా వాడు."

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. అమ్మ చెప్పింది. అత్త పెళ్లికి నాయన ఇస్త్రీ పంచె, తెల్లచొక్కాతోనే నిలబడ్డాడట. అవతలివాళ్లు ఏమీ అనలేదు. గౌరవంగానే చూశారు. పెళ్లయిన రెండు నెలలకు నా పుట్టువెంట్రుకలు తీయించాక, ఫోటో దిగుదామని ఆయనే ఆత్మకూరు బయల్దేరదీశాడు. స్టూడియోలో మేకుకున్న కోటు చూసి కాసేపు తటపటాయించాడు. తర్వాత తొడిగాడు. సన్నటి మనిషి కదా, వెనక నాలుగు పిన్నీసులు గుచ్చాల్సి వచ్చింది.

"ఊపిరి బిగబట్టుకుని నిలబడినాడు నాయనా. కదిలితే పిన్నీసు ఊడిపోతాదని" అంది అమ్మ.

ఫోటో ముందుకు వెళ్లి మళ్లీ చూశాను. ఇన్నేళ్లూ బిగుసుకుపోయిన ముఖం అనుకున్నది, అది కాదు. ఊపిరి పట్టిన ముఖం. ముందు నుంచి చూస్తే కోటు ఆయనకు సరిగ్గానే అతికింది.

మర్నాడు టైలర్ మామ దగ్గరికి మళ్లీ వెళ్లాను. నాకొక కోటు కావాలన్నాను. కోట్లు మానేసి పదేళ్లయిందన్నాడు. కళ్లు కనపడవన్నాడు. చివరికి, "నిదానంగా కుడతా, దసరాకు రా, తొందర పెట్టబాక" అంటూ టేపు తీశాడు. నా కొలతలు కొత్త పేజీలో రాయలేదు. నాయన అంకెల కిందే రాశాడు. ఛాతీ నాలుగు అంగుళాలు ఎక్కువ, నడుము అంతకంటే ఎక్కువ. భుజం మాత్రం అదే, పదహారున్నర.

కచ్చా కుట్టుతో రెండుసార్లు తొడిగించి చూశాడు. నిజంగానే నా కుడిభుజం కిందికి ఉంది! దసరా ముందు రోజు కోటు చేతికిచ్చి, పుస్తకం తీసి, నా అంకెల మీద గీత కొట్టాడు. పైన ఉన్న అంకెల్ని వదిలేశాడు. "అది అట్టే ఉండనీ" అన్నాడు.

ఇంటికొచ్చి కోటు వేసుకుని ముందు గదిలో నిలబడ్డాను. ఎట్లా ఉందమ్మా అని అడిగాను. అమ్మ నా ముందుకు రాలేదు. నెమ్మదిగా నా వెనక్కి వెళ్లి, వీపు మీద పైనుంచి కిందికి చేత్తో తడిమి చూసింది.

"సరిపోయింది" అంది.